ఎడమవైపు అకార్డియన్

ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాను.
నూట నలభై గ్రాములని పెట్టె మీద ఉంది.
చేతికి మాత్రం
చలికాలం పొద్దున్నే తాకిన సబ్బుబిళ్ళలా ఉంది.
అల్యూమినియం. అంచులన్నీ గుండ్రంగా అరగదీశారు,
ఒక్క మూల తప్ప.
బొటనవేలు ప్రతిసారీ అక్కడ ఆగుతుంది,
గడప తగిలినట్టు.
డిజైన్: పదికి ఏడు.

హకోదాతే రేవు వెనక వీధి, మూడో అంతస్తు.
నా గది గోడలకు పాత పరుపులు కొట్టుకున్నాను.
ఇరవై రెండేళ్ళుగా పరీక్షకు ఒకటే పాట.
పేరు చెప్పను. చెబితే కంపెనీవాళ్ళు
దానికి తగ్గట్టు యంత్రాన్ని సానబట్టి పంపుతారు.
కుడివైపు ఒక స్త్రీ గొంతు,
పల్లవికి ముందు ఆమె పీల్చే గాలి.
ఎడమవైపు అకార్డియన్, కాస్త వెనగ్గా,
వంటింట్లోంచి వినిపిస్తున్నట్టు.
మంచి యంత్రమైతే ఆ ఇద్దరి మధ్య
కుర్చీ పట్టేంత చోటు తెలుస్తుంది.
ఇందులో ఏకంగా భోజనాల బల్ల పడుతుంది!
బాస్ బొంగురుపోలేదు.
తాళాల చప్పుడు
వేడి నూనెలో నీటిచుక్క పడ్డంత స్పష్టం.
శబ్దం: పదికి తొమ్మిదిన్నర.
ఆ అర మార్కు అలవాటుకొద్దీ నా దగ్గరే ఉంచుకుంటాను.

మీటల సంగతి గదిలో తేలదు.
తెల్లవారుజామున నాలుగున్నరకి రేవుకి పట్టుకెళ్ళాను.
స్క్విడ్ పడవలు దీపాలార్పుకుని వస్తున్నాయి.
మా అమ్మ తమ్ముడు షిగెజో
తడి రబ్బరు తొడుగుతోనే అందుకున్నాడు.
తెర మీద వేలితో గీశాడు. కదల్లేదు.
మళ్ళీ గీశాడు. ఉప్పునీటి చార పడింది, అంతే.
పక్కనున్న మూడు మీటలూ ఒకే ఎత్తు, ఒకే నునుపు.
శబ్దం పెంచబోయి పాటే మార్చేశాడు.
"చేపైనా ఇంకాస్త మాట వింటుంది" అన్నాడు.
మీటలు: పదికి నాలుగు.
కాదు, మూడు.

నేనే నొక్కి నా పాట పెట్టాను.
మర్యాదకి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు.
నలభై ఏళ్ళు డీజిల్ ఇంజను పక్కన నిలబడి
ఎడమ చెవిని దానికే ఇచ్చేసిన మనిషి.
భోజనాల దగ్గర ఆయన కుడిపక్క చోటు కోసం
మా ఇంటి పిల్లలు తోసుకుంటారు.
నాకూ తెలుసు.
తెలిసే, తొమ్మిదిన్నర వేశాను.

"బాగా పాడింది. పాపం, ఒక్కతే."

ఒక్కతే!
నేనంత మెచ్చుకున్న బల్లకి
అవతల కూర్చున్నవాడు
ఈయనకి లేనే లేడు.

సెట్టింగులు. అందులో శబ్దం.
అందులో అదనపు ఏర్పాట్లు. అందులో ఇతరములు.
చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే
నాలుగు గదులు దాటాక, దొడ్డిగుమ్మం పక్కన
చీపురు దాచినట్టు దాచారు,
రెండు వైపుల్నీ ఒకటి చేసే బూడిదరంగు చుక్క.

నొక్కాను.
షిగెజో ఎత్తిన గంప నడుం దగ్గరే ఆగిపోయింది.
ఎవరో పిలిచినట్టు ఎడమకి తిరిగాడు.
అటు మంచుపెట్టెలు తప్ప ఏమీ లేవు.
"వీడెప్పుడొచ్చాడు?"
మొదట్నుంచీ ఉన్నాడు మామయ్యా, అనబోయి
ఊరుకున్నాను.

ఇప్పుడు బల్ల లేదు, కుర్చీ లేదు.
గొంతూ అకార్డియనూ ఒకే పీట మీద
మోచేతులు తగులుతూ ఇరుక్కున్నాయి.
నా కొలతల్లో అది దోషం.
వేలం గంట కొట్టారు.
మళ్ళీ పెట్టమన్నాడు.

గదికొచ్చి నివేదిక ముందేసుకున్నాను.
తొమ్మిదిన్నర కొట్టేశాను.
ఆ చోట ఏం రాయాలో తెలీక
పెన్ను మూత నములుతున్నాను.
శుక్రవారం యంత్రం తిరిగి పంపాలి.
బొటనవేలు ఆగే మూల మీద
స్క్విడ్ సిరా మరక, గోరంత.
తుడిస్తే పోయేదే.